కుడి నడుమున దోపుకున్న చీటీ

శవాన్ని పక్కకి తిప్పినప్పుడు ఒక్కోసారి నిట్టూరుస్తుంది. భయపడకండి. లోపల మిగిలిన గాలి బయటికొస్తుంది, అంతే. ఆయాగా చేరిన కొత్తలో నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఒక మిట్టమధ్యాహ్నం ఒక ముసలామెని ఒక్కదాన్నే తిప్పుతుంటే, ఆమె నా చెవి పక్కన "హా" అంది. "ఏటమ్మా?" అని అడిగి జవాబు కోసం నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. తడిగుడ్డ నా చేతిలోనే ఆరిపోయింది.

భిలాయిలో పవర్ హౌస్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు ఆడవాళ్ళ వార్డు ఆయాగా పనిచేశాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. దాని పేరుతో మీకు పని లేదు. నా పేరు పైడమ్మ. మాది విజయనగరం అవతల పల్లె. మా ఆయన ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వస్తే వెంట వచ్చాను. ఆయన పోయాక ఈ పనిలో చేరాను. వేలిముద్ర వేసి చేరాను. సంతకం పెట్టి రిటైరయ్యాను. ఈ రెంటి మధ్య జరిగింది ఒకటుంది. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలు పదో తరగతి చదివి వస్తున్నారు, నా పొరపాటు వాళ్ళు చెయ్యరు. కానీ పొరపాటు తర్వాత నేను చేసింది ఎవరైనా చెయ్యగలరు. అందుకే రాస్తున్నాను.

వెనక గది

మా దగ్గర దాన్ని మార్చురీ అనేవాళ్ళం కాదు. వెనక గది అనేవాళ్ళం. వార్డు వైపు ఒక తలుపు, దొడ్డి వైపు ఒక తలుపు. దొడ్డి వైపు పడమర. సాయంత్రం నాలుగయ్యేసరికి ప్లాంటు ధూళిలోంచి ఎండ ఎర్రగా వచ్చి సిమెంటు నేల మీద పడేది. ఆ వెలుగులో చనిపోయినవాళ్ళ ముఖాలకి రంగొచ్చేది. కొత్త నర్సులు ఆ వేళకి ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు కాదు. నేను వెళ్ళేదాన్ని. నాకు భయం లేక కాదు, నా పని అదే గనక.

నాతో స్ట్రెచరు బండి తోసేవాడు బిసాహూ. ఛత్తీస్‌గఢ్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. అతనికీ చదువు లేదు. శవాన్ని ఎత్తే ముందు వంగి, "చల్ దాయీ" అని అడిగేవాడు. పద తల్లీ అని. ఒకసారి నేను నవ్వాను.

"ఆవిడకి వినపడుతుందా కాకా?"

"వినపడదని నీకెవరు చెప్పారు? ఆవిడ చెప్పిందా?" అన్నాడు.

అప్పటినుంచి నవ్వలేదు.

చదువు లేనివాళ్ళకి మాకంటూ పద్ధతులుంటాయి. మందు సీసాల రంగు గుర్తు. మంచాలకి గోడ మీద పెచ్చులూడిన చోటు గుర్తు. చీటీలకి నడుము గుర్తు. ఎవరైనా పోతే సిస్టర్ ఆ పేరు హిందీలో చీటీ మీద రాసి ఇచ్చేది. ఒళ్ళు కడిగి, తుడిచి, కాలి బొటనవేలికి దాన్ని కట్టడం నా పని. మంచం దగ్గరే కట్టాలని రూలు. తడికి సిరా చెదిరిపోతుందని కడిగాకే కట్టేదాన్ని. ఒకే రోజు ఇద్దరు పోతే, కుడి పక్క మనిషి చీటీ కుడి నడుమున, ఎడమ పక్క మనిషిది ఎడమ నడుమున దోపుకునేదాన్ని. పదేళ్ళు ఒక్కసారీ తప్పలేదు. మేట్రన్ గారికి నాకు చదువు రాదని తెలుసు. "చేతులు శుభ్రంగా ఉన్నాయి, చాలు" అనేది. మంచి మనిషి. ఆ ఒక్క మాట మాత్రం తప్పు.

ఇద్దరు ఆడమనుషులు

తొంభైల్లో, ఒక మే నెల. జాముల్ రోడ్డులో ఏదో చిన్న షెడ్డులో ఆవిరి గొట్టం పేలి, అక్కడ రేజా పని, అంటే ఆడకూలి పని చేసే ఇద్దర్ని మా దగ్గరికి తెచ్చారు. ఒకమ్మాయి రాహేలు. క్యాంపులో, అంటే కూలీల బస్తీలో ఉండే తెలుగు క్రైస్తవుల పిల్ల. వాళ్ళమ్మ శాంతమ్మకి ఈమె ఒక్కతే. శాంతమ్మని నేను అప్పా అనేదాన్ని, అక్కా అని. రెండో మనిషి ఫూల్‌బాయి. జాముల్ అవతల పల్లెలో కోడలు. ఇద్దరూ ఇంచుమించు ఒకే ఈడు, ఒకే ఒళ్ళు. తల నుంచి మోకాళ్ళ దాకా కట్లు. కళ్ళూ పెదాలూ తప్ప కనిపించేవి కావు.

కాలినవాళ్ళు నీళ్ళు అడుగుతారు. ఇచ్చేదానికి లెక్క ఉంటుంది, అడిగేదానికి ఉండదు. రాహేలు మెల్లగా అడిగేది. ఫూల్‌బాయి "పానీ దే దాయీ, పానీ దే" అని ఒకే రాగంలో, తిరగలి తిప్పినట్టు అడిగేది. నేను దూది తడిపి పెదాల మీద పెట్టేదాన్ని. అది వార్డంతా వినపడే గొంతు కాదు. ఆయాకి మాత్రం వినపడే గొంతు.

మూడో రోజు మధ్యాహ్నం గంట తేడాలో ఇద్దరూ పోయారు.

సిస్టర్ రెండు చీటీలు ఇచ్చింది. వెనక గదిలో రెండు బండ్లూ పక్కపక్కన పెట్టాం. తలలు దొడ్డి వైపు, కాళ్ళు వార్డు వైపు. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. కుడి పక్క రాహేలు, ఎడమ పక్క ఫూల్‌బాయి. చీటీలు అలాగే దోపుకున్నాను. కడిగాను, తుడిచాను. అప్పుడు నాకు ఒకటి తోచింది. బండ్లు దొడ్డి తలుపులోంచి బయటికి పోతాయి. ఇలాగే తోస్తే తల ముందు పోతుంది. మా వైపు శవాన్ని కాళ్ళు ముందుగానే గడప దాటిస్తారు. తల ముందు పోతే వెనక్కి చూస్తుందంటారు.

"కాకా, తిప్పీ. కాళ్ళు ఇటు రావాలి" అన్నాను.

గది ఇరుకు. బిసాహూ ఒక్కో బండినీ ఉన్నచోటే గిర్రున తిప్పాడు. కాళ్ళు దొడ్డి వైపు వచ్చాయి. నేను చుట్టూ తిరిగి అటు వెళ్ళి మళ్ళీ కాళ్ళ దగ్గర నిలబడ్డాను. కుడి నడుము చీటీ తీసి కుడి పక్క కాలికి కట్టాను. ఎడమది ఎడమకి.

ఆ రెండు గజాల నడకలో నా కుడి ఎడమైపోయింది.

ఒకటి చూశాను కూడా. రాహేలు అనుకుని కట్టిన కాలి మడమ పైన, కడియంలా చుట్టూ నీలి చుక్కలు. గోదనా. ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళు పొడిపించుకునే పచ్చబొట్టు. కళ్ళు చూశాయి. మనసుకి చేరలేదు. దుప్పటి కప్పేశాను.

సాయంత్రానికి ఫూల్‌బాయి ఇంటి మగవాళ్ళు జీపులో వచ్చారు. కట్లు విప్పొద్దని డాక్టరు చెప్పాడు. విప్పలేదు, చీటీ చూసి దుప్పటితోనే ఎత్తుకెళ్ళారు. ఆ పొద్దు గుంకేలోపే దహనం చేశారని తర్వాత తెలిసింది. నేను ఇంటికెళ్ళి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. నా మడమ మీద ఎర్ర ధూళి చుట్టుకుని ఉంది, కడియంలా. నీళ్ళు పోశాను. అది పోయింది. అక్కడ నీలి చుక్కలు కనపడ్డాయి. నా కాలికి పచ్చబొట్టు లేదు.

పాదాలైనా

మర్నాడు శాంతమ్మ వచ్చింది. క్యాంపు సంఘం పాస్టరు గారు, నలుగురు మగవాళ్ళు, ఒక పెట్టె. పెట్టెలోకి పోయేది రాహేలు కాదని అప్పటికి నాకు తెలుసు. ఒక్క మాట చెబితే పెట్టె ఆగేది. చెబితే ఏమవుతుంది? చితిలో కాలిపోయిన పిల్ల తిరిగి రాదు. ఉద్యోగం పోతుంది. నాలో నేను చెప్పుకున్నవి ఇవే. ఇందులో మొదటిది దయలా కనపడుతుంది. దాని వెనక దాక్కున్నది రెండోది.

శాంతమ్మ పెట్టె మీద చెయ్యి వేసి నన్ను అడిగింది. "ఒకసారి మొకం సూడనీ."

"వొద్దప్పా. సూడకు."

"పాదాలైనా?"

"మూసీసినాం అప్పా," అన్నాను. అని, ఆమె చేతిని నా చేత్తో పట్టుకుని పెట్టె మీద నుంచి తీశాను.

పదిమంది డాక్టర్లు కూడా చెయ్యలేని గాయం ఒక ఆయా ఒక్క చేత్తో, ఎంతో మర్యాదగా చెయ్యగలదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నీళ్ళడిగే మనిషి

శాంతమ్మ మా వార్డు వదల్లేదు. బిడ్డ పోయిన చోటని ఆదివారం, బుధవారం మధ్యాహ్నాలు వచ్చేది. గొడుగు మూల పెట్టి, అడిగినవాళ్ళ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. అడగనివాళ్ళకి తల దువ్వేది. పని చేసుకుంటూ నేను ఆమెకి దూరదూరంగా తిరిగేదాన్ని. ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చేది.

"పైడమ్మా, నీతో ఒకటి సెప్తాను, నవ్వకు. సమాది కాడ కూకుంటే, పాప అక్కడ నేదనిపిస్తాది. తాళం ఏసిన ఇంటి ముందు కూకున్నట్టుంటాది."

నేను బెడ్‌పాన్ కడుగుతూ ఉండిపోయాను.

వానలు మొదలయ్యాక ఇంకోటి చెప్పింది. "కల్లోకి ఒక మనిషి వస్తంది. సమాది మీద నిలబడతాది. మొకానికి కట్లు. నీళ్ళు అడుగుతాది."

"రాహేలేనేమో అప్పా."

"మా పాపయితే తెనుగులో అడగదేటి? ఇది పానీ దే దాయీ అంటాది. ఆ షెడ్డులో నేర్సీసుకుందేటో." గొడుగు విదిల్చి మూల పెట్టింది. "తిరగలి తిప్పినట్టు అడుగుతాదే. ఒకటే రాగం."

శాంతమ్మ ఫూల్‌బాయి గొంతు ఎప్పుడూ వినలేదు. ఫూల్‌బాయిని పెట్టింది వార్డు ఆ చివర, తెర వెనక. తల్లిని లోపలికి రానిచ్చింది రోజుకి ఒక్క గంట. ఇది ఎలా జరిగిందని నన్ను అడగకండి. జరిగింది రాస్తున్నాను.

ఆ రోజు నుంచి నాకు రాతంటే భయం పట్టుకుంది. అంతకుముందు అక్షరాలు నా కంటికి గోడ మీది మరకలతో సమానం. ఇప్పుడు బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు, మందుల అట్టలు, ఎక్కడ రాత కనిపించినా అది నన్నే చూస్తున్నట్టుండేది. చీమల బారులా కదలకుండా నిలబడి, నాకు తెలియని భాషలో నా సంగతే చెబుతున్నట్టుండేది. పవర్ హౌస్ బజారులో తల దించుకుని నడిచేదాన్ని. కుడి నడుమున చీటీ దోపుకున్న చోట, తడి కాగితం అంటుకున్నట్టు చల్లగా ఉండేది. చీర మార్చినా అక్కడే ఉండేది.

ఒక బుధవారం తట్టుకోలేక శాంతమ్మని అడిగాను.

"అప్పా, నాకు అచ్చరాలు నేర్పుతావేటి?"

నలభై రెండేళ్ళు దాటాయి నాకు అప్పటికి. ఆమె నవ్వింది. బిడ్డ పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. "ఈ వొయసులో ఏ కలెక్టరవుదామనే?"

"చీటీలు సదువుకుంటాను."

తోటలో ఏడ్చిన స్త్రీ

వరండా బెంచీ మీద నేర్పేది. పలక కొనుక్కున్నాను. ఆమె దగ్గర నల్ల అట్ట బైబిలు ఒక్కటే తెలుగు పుస్తకం, కాబట్టి గుణింతాలు వచ్చాక నాకూ అదే వాచకం. నేను క్రీస్తుని వెతుక్కుంటూ వెళ్ళలేదు. 'క' వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక్కో అక్షరానికీ వేలు పెట్టి చదివేదాన్ని గనక, ఆ కథల్లో ఒక్క మాట కూడా నన్ను దాటి పోలేదు. తొందరగా చదివేవాళ్ళకి ఆ సంగతి తెలీదు.

నాకు ముందుగా పట్టింది మహిమలు కాదు. క్రీస్తు ఎలాంటివాళ్ళని ముట్టుకున్నాడో అది. కుళ్ళిన చర్మం వాళ్ళని ముట్టుకున్నాడు, నెత్తురు ఆగని ఆడమనిషి తనని ముట్టుకుంటే కసరలేదు, పోయిన పిల్లని చెయ్యి పట్టుకుని లేపాడు. అంటే మా వార్డు వాళ్ళనే. ఆయా చేసే పని దేవుడు చెయ్యడం నేను ఎక్కడా వినలేదు. పాదాలు కడగడం కూడా.

చలికాలం పోయి మళ్ళీ ఎండలు మొదలయ్యాయి. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు బుధవారం, నాలుగు గంటలప్పుడు, సమాధి కథ దగ్గరికి వచ్చాం. ఒక స్త్రీ తెల్లవారే వేళ సమాధి దగ్గరికి వస్తుంది. రాయి పక్కకి తొలగి ఉంది. లోపల దేహం లేదు. తోటలో నిలబడి ఏడుస్తుంది. ఎవరో ఆయన్ని తీసుకుపోయారని, ఎక్కడ పెట్టారో తనకి తెలీదని చెబుతుంది. కూడబలుక్కుంటూ అక్కడి దాకా వచ్చాను. వేలు ముందుకి కదల్లేదు. వెనక గది తలుపు సందులోంచి ఎర్రటి ఎండ వరండాలోకి వస్తోంది.

"సదువు. ఆగిపోయినావేటి?" అంది శాంతమ్మ.

"సదవనేనప్పా."

"అచ్చరం తెలీనేదా?"

"తెలిసింది. అందుకే."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను పుస్తకంలోకి చూస్తూనే చెప్పాను. "అప్పా, మీ పాప ఆ సమాదిలో నేదు."

చీటీలు, బండ్లు తిప్పడం, గోదనా, అన్నీ చెప్పాను. ఆమె చివర ఒక్కటే అడిగింది.

"ఆ పొద్దు పాదాలు సూపించమన్నాను నాను."

"అవునప్పా."

"అప్పటికి నీకు తెల్సు."

"తెల్సు."

పుస్తకం గుడ్డలో చుట్టుకుంది. లేచింది. గొడుగు మరిచిపోయి ఎండలో వెళ్ళిపోయింది. ఆ గొడుగు మూడు వారాలు వార్డు మూలనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. వార్డులో ఎటు తిరిగినా, ఒక మనిషి గోడ వైపు తిరిగి నిలబడినట్టు ఉండేది.

జాముల్ అవతల

మూడు వారాల తర్వాత వచ్చింది. గొడుగు తీసుకుంది.

"ఆ ఫూల్‌బాయి, ఆ గుంట ఊరెక్కడ?"

"జాముల్ అవతల."

"పద."

పవర్ హౌస్‌లో ఆటో ఎక్కాం. భిలాయి ధూళి ఎరుపు, జాముల్ సిమెంటు ధూళి బూడిద రంగు. అక్కడ చెట్లు, గోడలు, మేకలు, అన్నీ చితి చల్లారాక మిగిలిన రంగులో ఉంటాయి. ఆటో దిగి పొలాల గట్టు పట్టాం. శాంతమ్మ ముందు, నేను వెనక. చాలాసేపటికి ఆమె తిరగకుండానే మాట్లాడింది.

"పాస్టరు గార్ని అడిగినాను. ఏట్లో కలిపీసిన పిల్ల, సచ్చినోల్లందరూ లేసే ఆ దినాన ఎలా లేస్తాదండీ అని. నాను సమాది పక్కన నాకూ సోటు అట్టేపెట్టమన్నాను కదా, బూర వినపడితే పక్కనించి పాప లేస్తాదని. మట్టిలో కలిసినోల్లని ఏరగలిగినోడు నీట్లో కలిసినోల్లని ఏరనేడా అన్నారు."

"మరి?"

"ఆయన సదువుకున్నోరు, అలాగే సెప్తారు. నాను ఇంటికెల్లి మూడు వారాలు దేవుడితో దెబ్బలాడినాను. ఆకరికి ఒకటి తెలిసింది. పైడమ్మ సీటీ మారస్తాది గానీ, ఆయన కాడ సీటీల్లేవు. పేరెట్టి పిలుస్తాడు. తోటలో ఆయమ్మని అలాగే పిలిసినాడు. నువ్వు అంతవరకు సదవనేదు."

నేను ఆగిపోయాను. "అప్పా, నన్ను..."

"సెమించీసినానని నోటితో అన్నాను. కడుపు ఇంకా అన్నేదు. నోరు ముందెల్లింది, కడుపు ఎనకాల నడిసి వస్తంది. బేగి నడు."

ఫూల్‌బాయి అత్త ఒక్కతే ఉంది. కొడుకు పనికెళ్ళాడు. ఆ వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు లోటాతో నీళ్ళు తెచ్చి పెడతారు. మా ఇద్దరి ముందూ రెండు లోటాలు పెట్టి, గుమ్మంలో కూర్చుంది. నేను వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో చెప్పాను.

"చదువుకున్నవాళ్ళ ఆసుపత్రి," అంది ఆమె. "మా ఊళ్ళో మేకలు కలిసిపోతే పిల్లలు కూడా ఏరి విడదీస్తారు."

నేను తల వంచుకున్నాను. ఇంకా అంటుందనుకున్నాను. అప్పుడు శాంతమ్మ తన కల చెప్పింది. హిందీ సరిగా రాదు ఆమెకి. కట్ల గురించి చేతులతో చూపించి, ఆ అడిగే మాటని మాత్రం విన్నది విన్నట్టు, ఆ రాగంలోనే అంది. "పానీ దే దాయీ, పానీ దే."

ముసలామె రెండు చేతులూ నేల మీద ఆనించింది.

"జ్వరమొస్తే అలాగే అడిగేది నా కోడలు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కడా అడిగిందా?"

"అడిగింది."

"ఇచ్చావా?"

"దూదితో."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. చీకటి గది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక శాంతమ్మ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటే అంది. "మీ బిడ్డకి మేం పది రోజులు చెరువులో నడుం లోతు నిలబడి నీళ్ళిచ్చాం. ఊరి ఆడవాళ్ళందరం. ఫూల్‌బాయీ తాగు, ఫూల్‌బాయీ తాగు అని. మీ బిడ్డ తాగిందో లేదో."

నేను తెలుగులో చెప్పాను. శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చింది. పెట్టె దగ్గర కూడా అలా ఏడవలేదు. "పాపకి నీల్లు అందినాయి," అంది. తర్వాత ముందున్న లోటా ఎత్తి తాగింది.

మర్నాడు ముసలామె అదే లోటా కొంగులో పట్టుకుని భిలాయి వచ్చింది. క్రైస్తవుల సమాధుల మధ్య ఆమె చెప్పులు విడిచి నడిచింది. సమాధి మీది సిలువ వైపు కాసేపు చూసి, ఇది ఎవరి గుర్తని అడిగింది. శాంతమ్మ నన్ను చెప్పమంది. నాకు పెద్ద మాటలు రావు. "చచ్చిపోతూ ఈయన కూడా దాహమన్నాడు దాయీ. పులిసిన సారా స్పాంజితో తడిపి పెట్టారు" అన్నాను. ముసలామె తల ఊపింది. అది ఆమెకి అర్థమైంది. నాకూ అప్పుడే, చెబుతుండగానే అర్థమైంది. లోటాడు నీళ్ళూ సమాధి తల వైపు నుంచి కాళ్ళ వరకు పోసింది. ఆ ఎండకి నేల నీళ్ళని ఎవరో లోపలినుంచి లాగినట్టు పీల్చేసింది. చుక్క నిలవలేదు.

ముగ్గురం చూశాం.

సిలువ మీద పేరు మార్చాలా అని పాస్టరు గారు అడిగారు. రాహేలు పేరు తియ్యొద్దంది శాంతమ్మ. "కిందన ఇంకోటి రాయండి." రంగూ కుంచే నా చేతికిచ్చింది. పలక మీద కాకుండా నేను రాసిన మొదటి మాట ఫూల్‌బాయి. 'ఫ' వంకరపోయింది, అలాగే ఉంది ఇప్పటికీ.

చేరబోయేవాళ్ళకి

మేట్రన్ గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నీకు చదువు రాదని తెలిసీ నీ చేతిలో చీటీలు పెట్టనిచ్చింది నేను," అంది. ఆరు నెలలు నన్ను బట్టలుతికే షెడ్డుకి పంపింది. అన్యాయం అనుకోలేదు. తిరిగొచ్చేసరికి వార్డులో పాత రూలు గట్టిపడింది, కొత్తది చేరింది. చీటీ మంచం దగ్గరే కట్టాలి, ఇద్దరు నిలబడి పైకి చదవాలి. ఈలోపు వార్డు బోర్డులు చూసి హిందీ అక్షరాలు కూడా పట్టుకున్నాను. నడుము చల్లదనం ఎప్పుడు పోయిందో గమనించలేదు. పోయిందని ఒక రోజు తెలిసింది.

ఆ తర్వాతి ఏడు బాప్తిస్మం తీసుకున్నాను. పేరు మార్చుకుంటావా అని పాస్టరు గారు అడిగితే వద్దన్నాను. పేరు మారడమంటే ఏమిటో నాకు తెలుసు.

ఎందుకు నమ్మావని మావాళ్ళు చాలామంది అడిగారు. మా వార్డులో పోయినవాళ్ళు ఎవరూ దేవుడున్నాడా లేడా అని నన్ను అడగలేదు. నీళ్ళు అడిగారు. పక్కన ఎవరున్నారని అడిగారు. ఫలానా మనిషికి కబురు పెట్టు, నేను చేసింది తప్పని చెప్పు అన్నారు. నేనెవరో నీకు తెలుసా అని చెయ్యి పట్టుకున్నారు. వేరే దేవుళ్ళకి మొక్కి నిబ్బరంగా పోయినవాళ్ళనీ చూశాను, వాళ్ళ దారి గురించి నేను మాట్లాడను. నా సంగతి చెబుతాను. నేను తప్పు చేసి దాచి, తప్పు చీటీ కట్టుకుని తిరిగాను. దాహం తెలిసినవాడు, సమాధిలోకి వెళ్ళొచ్చినవాడు, చీటీ చూడకుండా పేరు పెట్టి పిలిచేవాడు ఒకడు నాకు కావలసి వచ్చాడు. దొరికాడు. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

శాంతమ్మ కడుపు కూడా చివరికి వచ్చి చేరింది. ఎప్పుడని చెప్పలేదు. ఒక బుధవారం నా జడలోంచి పేను తీసి, "నీ తల ఎవలూ సూడరేటే" అంది. అప్పుడు తెలిసింది.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఆమె మా వార్డులోనే పోయింది. మధ్యాహ్నం, నా చెయ్యి పట్టుకునే ఉంది. అట్టేపెట్టుకున్న చోటే పెట్టారు, ఫూల్‌బాయి పక్కన. సిస్టర్ చీటీ రాసిచ్చింది. మంచం దగ్గరే నిలబడి పైకి చదివాను. శాంతమ్మ. చదవడం నాకు నేర్పింది ఆమే. వేలికి కట్టి, పాదాలు కప్పకుండా ఉంచి, ఒళ్ళు తుడవడానికి మెల్లగా పక్కకి తిప్పాను.

నా చెవి పక్కన నిట్టూర్చింది.

లోపలి గాలి అని మీకు మొదట్లోనే చెప్పాను. ఆ రోజు మాత్రం నేను "ఆఁ అప్పా" అన్నాను.